అడగడానికో చోటు

ఈ ఏడు చలి కాస్త ముందే దిగింది. సాయంత్రం ఆరు దాటితే వరండాలో శాలువా లేకుండా కూర్చోలేకపోతున్నాం. ఇలా గోడవారకు జరగండి, గాలి తగలదు. కాఫీ చల్లారకముందే తాగేయండి, ఇవాళ కబుర్లు కొంచెం ఎక్కువే ఉన్నాయి. మీతో ఒక చందా సంగతి మాట్లాడాలని వారం రోజులుగా అనుకుంటున్నాను.

వినాయక చవితి చందా కాదండీ. ఇంజనీర్లకో సంఘం, అకౌంటెంట్లకో సంఘం, నర్సులకో సంఘం, గ్రంథాలయాల వాళ్లకో సంఘం ఉంటాయి కదా, వాటిలో సభ్యత్వానికి కట్టే రుసుము. అది ఉద్యోగి తన జేబులోంచి కట్టుకోవాలా, జీతమిచ్చే యజమాని కట్టాలా? యజమానే కట్టాలని నేనంటాను. మీలో చాలామంది నలుగురికో నలభైమందికో జీతాలిచ్చేవాళ్లే కాబట్టి ఈ మాట మీకు నచ్చకపోవచ్చు. ఉద్యోగి మీద దయతో కట్టమని నేననడం లేదు, మీ పని బాగుపడడానికే కట్టమంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక సంపు కథ చెప్పాలి.

నేను సివిల్ ఇంజనీరుని. చదువైన కొత్తలో కృష్ణా డెల్టాలో ఒక చిన్న డిజైను ఆఫీసులో చేరాను. ఒక మిల్లుకు నీళ్ల సంపు డిజైను చేశాం. బయటి కొలతలు 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. మిల్లుకు నాలుగడుగుల దూరంలోనే పంట కాలువ. అడుగు స్లాబు పోశారు, గోడలు లేపారు, పై స్లాబుకు సెంట్రింగు కొట్టాల్సి ఉంది. ఇంతలో వాన పట్టుకుంది. రెండు రాత్రులు ఆగకుండా కురిసింది. మూడో రోజు పొద్దున్నే మేస్త్రి తడుస్తూ సైకిలు మీద ఆఫీసుకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "అయ్యగారూ, తొట్టి తేలిందండి" అన్నాడు. మాకు అర్థం కాలేదు. వెళ్లి చూస్తే నిజంగానే తేలింది. ఒక మూల జానెడు పైకి లేచి, రెండో పక్కకు ఒరిగి, గోడ మీద పైనుంచి కిందిదాకా పగులు.

లెక్క చాలా చిన్నది. అప్పటికి పోసిన కాంక్రీటు 16 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు రెండున్నర టన్నుల చొప్పున మొత్తం 40 టన్నులు. తొట్టి అడుగు వైశాల్యం 24 చదరపు మీటర్లు. చుట్టూ నేలలో నీరు ఒక మీటరు పెరిగితే 24 టన్నుల బలంతో తొట్టిని పైకి నెడుతుంది. అంటే నీటిమట్టం అడుగు స్లాబు కింది నుంచి 1.7 మీటర్లు దాటిందంటే తొట్టి పడవే. ఈ లెక్క మాకు రాక కాదు. తేలడం గురించి ఆర్కిమిడీస్ చెప్పింది బడిలో చదువుకున్నవాళ్లమే. పై స్లాబు పడి, మట్టి కప్పి, తొట్టి నిండా నీళ్లున్నప్పుడు ఏమవుతుందో కాగితం మీద చక్కగా చూశాం. సగం కట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న మా ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. అయిదుగురం ఉండేవాళ్లం. ఆ అయిదుగురం ఒకరి దగ్గర ఒకరం నేర్చుకున్నవాళ్లమే. మాలో ఒకరికి తెలియనిది మిగతా నలుగురికీ తెలియదు.

ఇంజనీర్ల సంఘంలో చేరతానని అంతకు కొన్ని నెలల ముందు మా యజమానిని అడిగాను. "అదంతా కాలక్షేపం, ఆ సాయంత్రం ఇంకో డ్రాయింగు పూర్తి చెయ్యొచ్చు" అన్నారాయన. చెడ్డమనిషి కాదు. నెల మొదటి తారీఖున జీతం చేతిలో పెట్టేవారు. సంపు పగలగొట్టి మళ్లీ పోయించడానికి అయిన ఖర్చులో సగం ఆయన మీద పడినప్పుడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కానీ ఆ రెండు సంగతులకీ మధ్య సంబంధం ఉందని ఆయనకు తోచలేదు. నాకూ చాలా ఏళ్లు తోచలేదు.

తరవాత హైదరాబాదు వచ్చి ఇంకో ఆఫీసులో చేరాను. అక్కడి యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం. చేరిన రోజునే ఒక దరఖాస్తు నా ముందు పెట్టి, "ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్‌ది. సంతకం పెట్టు నాయనా, డబ్బు నేను కడతాను. నెలకో సాయంత్రం వెళ్లు. మర్నాడు టీ తాగేటప్పుడు అక్కడ ఏం విన్నావో మాకందరికీ చెప్పు" అన్నారు. అంతే షరతు. బాండు లేదు, ఇన్నేళ్లు మానెయ్యకూడదన్న మాట లేదు. అలా ఖైరతాబాదులోని విశ్వేశ్వరయ్య భవన్‌కు వెళ్లడం మొదలుపెట్టాను. 1908లో మూసీ వరద ఊరిని ముంచేశాక, మళ్లీ అలా జరగకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం పిలిపించింది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారినే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచనలోంచి వచ్చినవే. హైదరాబాదు ఇంజనీర్లు కూడే చోటికి ఆయన పేరుండడం నాకెప్పుడూ ఎంతో సముచితంగా అనిపిస్తుంది.

మొదటి నెలల్లో ఉపన్యాసాలు సగం అర్థమయ్యేవి కావు. అసలు సంగతి ఉపన్యాసమయ్యాక టీ దగ్గర ఉందని మెల్లగా తెలిసింది. ఒక రోజు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి పక్కన నిలబడ్డాను. మాటల్లో డెల్టా వచ్చింది, డెల్టా మాటల్లో సంపు వచ్చింది. జరిగింది చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి, "అడుగు స్లాబులో గొట్టం వదల్లేదా?" అన్నారు. ఏ గొట్టమన్నాను. "నీటి ఊటలున్న నేలలో తొట్టి కట్టేటప్పుడు అడుగున ఒక గొట్టం పెట్టి తెరిచి ఉంచాలయ్యా. నీళ్లు పైకొస్తే తొట్టిలోకి వస్తాయి. రానీ. లోపలా బయటా మట్టం ఒకటైతే ఇంక తేలేదేముంది? పై స్లాబు పడి, పక్కల మట్టి నింపి, బరువు చాలినంత అయ్యాక అప్పుడు ఆ గొట్టం బిరడా కొట్టి మూసెయ్యి." నీళ్లు లోపలికి రాకుండా కట్టడమే మా పని అనుకునేవాళ్లం మేం. నీళ్లను కొన్నాళ్లు లోపలికి రానివ్వడమే తొట్టికి రక్ష అని ఆయన ఒక్క టీ తాగేలోపు చెప్పారు. మర్నాడు పెద్దాయనకు చెప్పాను. ఆ నెల్లోనే మా ఆఫీసు సంపు డ్రాయింగుల మీద ఒక కొత్త నోటు చేరింది. ఆ తరవాత మేం కట్టించిన సంపుల్లో ఒక్కటీ కదల్లేదు.

పెద్దాయన కట్టిన చందాకు ప్రతిఫలమేమిటని ఎవరైనా అడిగితే నేను ఆ నోటు చూపిస్తాను. సభ్యత్వ కార్డు, గోడ మీద ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్టు, నెలకోసారి పోస్టులో వచ్చే పత్రిక, ఇవన్నీ మంచివే. కానీ యజమాని నిజంగా కొనుక్కునేది తన ఆఫీసు గోడల అవతల ఒక ప్రశ్న అడిగే హక్కుని. తన మనిషి వెళ్లి, ముఖపరిచయం చేసుకుని, టీ తాగి, రేపెప్పుడైనా కష్టమొస్తే ఫోను చేసి "గుర్తున్నానా అండీ" అని అడగగలిగే చనువుని.

ఈ సంఘాలు పుట్టిన తీరు కూడా అలాంటిదే. 1818 జనవరి 2న లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్ అనే వీధిలో కెండల్ కాఫీ హౌస్‌లో కొందరు కుర్ర ఇంజనీర్లు కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నారు. అప్పటికే పేరు మోసిన ఇంజనీర్లకు 1771 నుంచి వేరే సంఘం ఉంది. పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకే అడగడానికో చోటు లేదు. వాళ్ల సంఘం రెండేళ్లపాటు పెద్దగా పెరగలేదు. 1820లో థామస్ టెల్ఫర్డ్ దగ్గరకు వెళ్లి అధ్యక్షుడిగా ఉండమని అడిగారు. రోడ్లు, కాలువలు, వంతెనలు కట్టి బ్రిటన్ అంతటా పేరున్న మనిషి. కుర్రాళ్ల సంఘమే కదా అనకుండా ఒప్పుకున్నాడు. 1828లో దానికి రాజు చార్టరిచ్చాడు. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్ అంటే అదే. మన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1920లో మద్రాసులో రిజిస్టరైంది, 1935లో దానికీ రాయల్ చార్టర్ వచ్చింది, ప్రధాన కార్యాలయం కలకత్తాలో. కాఫీ హౌస్‌లో మొదలైన సంఘానికి వందేళ్ల తరవాతి తమ్ముడన్నమాట.

"సరే, మా మనిషి వెళ్లి నేర్చుకొస్తాడు, బాగానే ఉంది. మా సంగతులు కూడా అక్కడ చెప్పేసి వస్తే? పక్క కంపెనీవాడు కూడా అక్కడే ఉంటాడు కదా?" అంటారు మీరు. ఈ భయం నాకు అర్థమవుతుంది. దీనికి నేను ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల సంగతి చెబుతాను, ఓపికగా వినండి. రాగి, తగరం గనులవి. లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఊరతాయి, ఆ నీళ్లు తోడడానికి ఆవిరి యంత్రాలు. బొగ్గు ఆ ప్రాంతంలో దొరకదు, ఓడల మీద తెచ్చుకోవాలి. అంచేత ఎంత తక్కువ బొగ్గుతో ఎంత ఎక్కువ నీరు తోడగలమన్నదే ప్రాణసమస్య. 1811లో అక్కడి గనుల వాళ్లు కలిసి జోయెల్ లీన్ అనే ఆయనకు ఒక పని అప్పగించారు. ప్రతి నెలా ఏ గనిలో ఏ యంత్రం ఎంత బొగ్గు తిని ఎంత నీరు తోడిందో లెక్కలు సేకరించి అచ్చువేయడం. ఒక గని లెక్క ఇంకో గనికి తెలిసిపోతుంది. యంత్రం బాగా నడిపిన ఇంజనీరు పేరు అందరికీ తెలుస్తుంది. ఏం చేసి బాగా నడిపాడో కూడా నలుగురూ చూస్తారు. ఒకే పెట్టుబడిదారుకు రెండు మూడు గనుల్లో వాటాలుండడం కూడా దాపరికం తగ్గడానికి ఒక కారణమే. అయినా ఖర్చు యజమానులే పెట్టుకున్నారన్నది మరిచిపోకండి. ముప్పై ఏళ్లు తిరిగేసరికి అక్కడి యంత్రాల సగటు సామర్థ్యం రెండింతలు దాటింది. అది ఏ ఒక్క మహానుభావుడో ఒంటరిగా కనిపెట్టినది కాదు. చిన్నచిన్న మార్పులు ఒకరి దగ్గర్నుంచి ఒకరికి పాకడమే.

మరీ పాతకాలం కబురంటారా, దగ్గరి కాలానిదే ఇంకొకటుంది. అమెరికాలో చిన్న ఉక్కు మిల్లుల ఇంజనీర్లు పోటీ మిల్లుల ఇంజనీర్లకు ఫోన్లు చేసి పనికొచ్చే కిటుకులు ఇచ్చిపుచ్చుకుంటున్నారని ఎరిక్ వాన్ హిప్పెల్ అనే ఆచార్యుడు 1987లో ఒక పరిశోధన వ్యాసంలో వివరించాడు. ప్రాణంలాంటి రహస్యం ఎవరూ చెప్పరు. ఇవాళ నేను సాయపడితే రేపు అతను సాయపడతాడన్న లెక్కతో రోజువారీ చిక్కుల గురించి మాత్రం చెప్పుకుంటారు. మన దగ్గరా అంతే కదండీ. టెండరులో వేసిన రేటు ఎవరూ చెప్పరు. నల్లరేగడిలో పునాది ఎందుకు లేచిందో మాత్రం ఎవరైనా చెబుతారు.

ఇప్పుడు మన సైటుకు వద్దాం. మా వృత్తిలో నియమావళులు మారుతూ ఉంటాయి. కాంక్రీటు మిక్సు డిజైనుకు ఐఎస్ 10262 అని ఒక ప్రమాణముంది. 1982లో వచ్చింది, 2009లో మారింది, 2019లో మళ్లీ మారింది. కొత్తదానిలో లక్ష్యంగా పెట్టుకోవాల్సిన బలాన్ని లెక్కకట్టే పద్ధతి మారింది. పూర్వం ఒకే సూత్రం. ఇప్పుడు రెండు విధాలా లెక్కకట్టి ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. బాగా ఎక్కువ బలమున్న కాంక్రీటుకు, వైబ్రేటరు అక్కర్లేకుండా తనంతట తానే సర్దుకునే కాంక్రీటుకు కూడా దారి చూపించారు. రోడ్ల వాళ్లకు ఐఆర్‌సీ 37 ఉంది, తారు రోడ్డు మందం తేల్చేది. 2001లో, 2012లో, 2018లో దాని రూపు మారింది. భూకంపాల నియమావళి 2002 తరవాత 2016లో మారింది. ఇవి మారాయని సైటులో ఉన్న కుర్రాడికి ఎవరు చెబుతారు? గెజెట్టు అతని గుడారానికి రాదు. కాలేజీ పుస్తకం పాతదే ఉంటుంది. ఆఫీసులో ఒకరు పాత ఎక్సెల్ షీటు తయారు చేసి పెట్టి ఉంటారు, అందరూ దాన్నే కాపీ చేసుకుంటారు. ఆ షీటు ఏ సంవత్సరపు నియమం మీద కట్టిందో అడిగేవాడుండడు. ఐఆర్‌సీ అంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, 1934లో మొదలైంది, సభ్యులకు దాని మాసపత్రిక వస్తుంది. ఇండియన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ 1982 నుంచి ఉంది. వాటిలో మీ మనిషి ఒక్కడు సభ్యుడై ఉంటే ఆ మార్పు కబురు మీ గడపలోకి వస్తుంది. లేకపోతే బిల్లు ఆపేసిన క్లయింటు ఇంజనీరు నోటి ద్వారా వస్తుంది. ఆ దారిలో వచ్చిన కబురు ఎంత ఖరీదో కాంట్రాక్టరు మిత్రులకు నేను చెప్పాలా.

అకౌంటెంట్ల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949 చట్టంతో ఏర్పడింది. ఏటా రుసుము కట్టకపోతే రిజిస్టరులోంచి పేరే తీసేస్తారు. పేరు లేకపోతే ఆ హోదాయే లేదు. అంచేత అక్కడ చర్చించడానికేమీ లేదు, కట్టెయ్యండి.

అసలు చిక్కు ప్రశ్న ఇప్పుడొస్తుంది. మన డబ్బుతో నలుగురిలో తిరిగి, నలుగురికీ తెలిసి, పెద్ద కంపెనీవాడి కంట్లో పడి, రాజీనామా ఇచ్చి పోతే? ఈ భయానికి సిద్ధాంతం కూడా ఉంది. గ్యారీ బెకర్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1964లో మానవ పెట్టుబడి మీద ఒక పుస్తకం రాశాడు. 1992లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఏ కంపెనీలోనైనా పనికొచ్చే చదువుకు యజమాని ఖర్చు పెట్టడు, దాని ఫలం ఇంకొకడు పట్టుకుపోతాడు కాబట్టి, అన్నది ఆయన వాదంలో ఒక ముఖ్యమైన ముక్క. కాగితం మీద నిజమే. కానీ నేను సొంత ఆఫీసు పెట్టి ఇన్నేళ్లుగా చూసింది వేరు. పోయేవాడు సభ్యత్వం ఉన్నా లేకున్నా పోతాడు. పోయేవాళ్లను ఆపేది బాండు కాగితం కాదు, ఇక్కడ ఇంకా ఎదుగుతానన్న నమ్మకం. ఆ నమ్మకం ఇవ్వగలిగిన వాటిలో ఈ చందా చాలా చవకైనది. నా దగ్గర పనిచేసి వెళ్లినవాళ్లలో ఒకతను మూడేళ్ల తరవాత ఫోను చేసి, తన కొత్త కంపెనీ బయటివాళ్లతో డిజైను చెక్ చేయించాలనుకుంటోందని, నా పేరు చెప్పానని అన్నాడు. ఆ ఏడాది మా ఆఫీసుకొచ్చిన పెద్ద పని అదే. అతని సభ్యత్వానికి నేను కట్టిన డబ్బును ఆ రోజు తలుచుకున్నాను.

"ఆ వెయ్యో రెండువేలో జీతంలో కలిపి ఇచ్చేస్తాం, కట్టుకునేవాడు కట్టుకుంటాడు" అని కొందరంటారు. అలా ఇవ్వకండి. మధ్యతరగతి ఇంట్లో జీతంలో కలిసిన రూపాయి ఎక్కడికి పోతుందో మనకు తెలియదా? పిల్లాడి స్కూలు ఫీజు, గ్యాసు బండ, అమ్మగారి మందులు. వాటి ముందు తన సభ్యత్వం అడిగే ధైర్యం ఇంటి మనిషికి రాదు, రాకూడదు కూడా. అందుకే ఆ డబ్బు జీతంతో కలవకుండా, ఆఫీసు నుంచి నేరుగా సంఘానికి వెళ్లాలి. ప్రభుత్వం కూడా ఈ తేడా గ్రహించింది. ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో అధ్యాపకులకు వృత్తిపరమైన ఎదుగుదల కోసం మూడేళ్లకు 3 లక్షల రూపాయల భత్యం ఏర్పాటు చేసింది. సదస్సులకు వెళ్లడానికి, వృత్తి సంఘాల సభ్యత్వ రుసుము కట్టడానికి వాడుకోవచ్చు. రసీదు చూపిస్తేనే డబ్బు. మన వరంగల్ ఎన్ఐటీలో పాఠం చెప్పే మాస్టారికి ఉన్న ఈ సౌకర్యం, ఆయన దగ్గర చదువుకుని మీ ఆఫీసులో చేరిన కుర్రాడికి ఎందుకుండకూడదు?

పెద్దాయన ఆఫీసులో ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు. డిప్లొమా చదివాడు. తండ్రి పోవడంతో డిగ్రీకి వెళ్లలేకపోయాడు. ఆ రోజుల్లో ఇన్‌స్టిట్యూషన్ వారి ఏఎంఐఈ పరీక్షలుండేవి. సెక్షన్ ఎ, సెక్షన్ బి. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు చదివి రెండూ గట్టెక్కితే ఇంజనీరింగు డిగ్రీతో సమానంగా గుర్తించేవారు. పీడబ్ల్యూడీలో, రైల్వేలో, కరెంటు ఆఫీసుల్లో ఎంతమంది సూపర్‌వైజర్లు ఆ మెట్ల మీదుగా ఇంజనీర్లయ్యారో మీ పెద్దవాళ్లను అడగండి, ప్రతి ఇంట్లో ఒక పేరు వినిపిస్తుంది. మా డ్రాఫ్ట్స్‌మన్ సభ్యత్వానికీ, పరీక్షలకూ పెద్దాయనే కట్టారు. పరీక్షల ముందు పదిహేను రోజులు సెలవిచ్చారు. లెక్కల పేపరు మూడుసార్లు తప్పాడు. మూడుసార్లూ పెద్దాయన "మళ్లీ రాయి" అనే అన్నారు. ఏడేళ్లు పట్టింది. ప్యాసైన రోజు అతను స్వీట్లు తేలేదు. తన పాత డ్రాయింగు బల్ల తుడిచి, దాని మీద తల వాల్చి కాసేపు కూర్చున్నాడు. తరవాత ఆ ఆఫీసుకు అతనే చీఫ్ డిజైనరయ్యాడు, రిటైరయ్యేదాకా ఎక్కడికీ వెళ్లలేదు. 2013 మే 31 దాకా ఆ కోర్సులో చేరినవాళ్లకే ఇప్పుడు డిగ్రీతో సమానమన్న గుర్తింపు వర్తిస్తుంది. ఆ మెట్లు అలా ఆగిపోవడం నాకు ఈ రోజుకీ బాధగానే ఉంది.

ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. అన్ని సంఘాలూ ఒకలా ఉండవు. కొన్నింటిలో ఎన్నికల వేడే తప్ప పని కబుర్లుండవు. అందుకని కట్టేముందు ఒకసారి మీ మనిషిని అతిథిగా పంపండి. తిరిగొచ్చాక "అక్కడ నువ్వొక ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాళ్లున్నారా?" అని అడగండి. ఉన్నారంటే కట్టండి. ఏ సంఘమన్నది కూడా అతన్నే ఎంచుకోనివ్వండి. మీకు నచ్చినదానిలో చేర్పిస్తే అది మీ సభ్యత్వమే అవుతుంది. కంపెనీ పేరు మీద సంస్థాగత సభ్యత్వం తీసుకుని సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. అది రిసెప్షన్ గోడకు బాగుంటుంది కానీ, గోడ వెళ్లి టీ తాగి రాదు కదా. జీవిత సభ్యత్వం కడితే అది మనిషితోనే పోతుంది. పోనివ్వండి, వెనక్కి అడక్కండి.

ఇంకోటి. చందా కట్టి, ఆ సాయంత్రం ఏడింటిదాకా పనిలో కూర్చోబెడితే కట్టనట్టే. నాలుగున్నరకే పంపించెయ్యాలి. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఉపన్యాసం ఎనిమిదింటికి ముగిస్తే హాస్టలుకు ఎలా వెళ్లాలన్న దిగులుతోనే చాలామంది అసలు వెళ్లరు. క్యాబు డబ్బు కూడా చందాలో భాగమనుకోండి. మా ఆఫీసులో ఈ సంగతి నాకు తట్టడానికి చాలా ఆలస్యమైంది. అంతవరకూ ఆడపిల్లలకు ఆసక్తి లేదనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

నిన్నటి కబురు చెప్పి వదిలేస్తాను, మీకూ చీకటి పడుతోంది. నల్లగొండ వైపు అమ్మాయి ఒకతె ఆర్నెల్ల కిందట మా దగ్గర చేరింది. మాట తక్కువ. మొన్న మొదటిసారి ఖైరతాబాదు వెళ్లింది. నిన్న పొద్దున్న టీ టైములో, పెద్దాయన పెట్టిన ఆనవాయితీ ప్రకారం, ఏం విన్నావమ్మా అన్నాను. ఉపన్యాసం గురించి రెండు ముక్కలు చెప్పింది. తరవాత, "సార్, మన సైటులో తూర్పు మూల కాలమ్ కింద పాత బావి పూడ్చిన చోటు వచ్చింది కదా. అక్కడ ఒకాయన్ని అడిగాను. వాళ్లకు ఉప్పల్ వైపు ఇలాగే వచ్చిందట. బావి ఎంత లోతుదో, దేంతో పూడ్చారో ముందు కనుక్కోమన్నారు. కనుక్కుని ఫోను చెయ్యమని నంబరిచ్చారు" అంది. సైటు పక్కింటి ముసలమ్మను అడిగి బావి లోతు అప్పటికే రాసుకొచ్చిందట, 42 అడుగులు. నోటుబుక్కు తీసుకుని వరండాలోకి వెళ్లింది. అద్దం తలుపు అవతల నిలబడి, ఒక చేత్తో గాలిలో గుండ్రంగా బావి గీసి చూపిస్తూ, "నమస్కారమండీ, మొన్న సాయంత్రం కలిశాం, గుర్తున్నానా" అనడం వినిపించింది.